నిప్పు లేని జ్వాలను రాజేసే విద్య

బయ్యారం ఇనుప రాయిలో ఇనుముతో పాటు ఇంకేమేం దాగి ఉన్నాయి? భూపాలపల్లి బొగ్గు కాలాక మిగిలే బూడిదలో సీసం ఎంత, ఆర్సెనిక్ ఎంత? జనగామ చేల మట్టిలో జింకు సరిపడా ఉందా? ఇన్ని ప్రశ్నలకూ ఒక్క పరికరమే జవాబు చెప్పగలదు. దాని పేరు ఐసీపీ (ఇండక్టివ్లీ కపుల్డ్ ప్లాస్మా). హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో రాళ్ల గుట్టు విప్పే సాధనాల్లో ఇదీ ఒకటి. రాతిపొడిని ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని సన్నని తుంపరగా ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. ఆరేడు వేల డిగ్రీల ఆ వేడికి ప్రతి మూలకం తనదైన వెలుగు చిమ్ముతుంది. ఫలితాల కాగితాన్ని అందరూ చూస్తారు. ఆ ప్లాస్మాను వెలిగించడంలోని పనితనమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది.

అక్కడ మొదలు కావలసినవి రెండు. మొదటిది ఆసిలేటర్. యాంప్లిఫయర్ నుంచి వచ్చినదాంట్లో కొంత సరైన ఫేజ్‌లో తిరిగి దానికే అందిస్తే డోలనాలు పుడతాయి. కోల్పిట్స్ సర్క్యూట్‌లో ఒక కాయిల్, రెండు కెపాసిటర్లు కలిసి ఆ పని చేస్తాయి. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి గెయిన్ సరిగ్గా ఒకటి ఉండాలని విద్యార్థులు బట్టీ పడతారు. అది నడుస్తున్న ఆసిలేటర్ లెక్క. మొదలవ్వాలంటే ఒకటికి మించి తీరాలి. అప్పుడే సర్క్యూట్‌లో ఎప్పుడూ ఉండే నాయిస్‌లోంచి ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టుచుట్టుకీ బలపడుతుంది, ట్యూబో ట్రాన్సిస్టరో తన హద్దుకు చేరాక నిలకడ పడుతుంది. ఈ తేడాను తరగతిలో నొక్కి చెప్పకపోతే ఆసిలేటర్ పాఠం సగమే చెప్పినట్టు.

రెండోది ప్లాస్మా. ఒకదానిలో ఒకటి అమర్చిన మూడు క్వార్ట్జ్ గొట్టాలు, వాటి చుట్టూ రెండు మూడు చుట్ల రాగి కాయిల్. అందులో ఆసిలేటర్ నుంచి 27.12 లేదా 40.68 మెగాహెర్ట్జ్ దగ్గర కిలోవాట్‌కు పైగా శక్తి పారుతున్నా ఏమీ వెలగదు. చల్లని ఆర్గాన్ కరెంటును పోనివ్వదు మరి. టెస్లా కాయిల్ నుంచి ఒక మెరుపు కొట్టి కొన్ని ఎలక్ట్రాన్లను విడుదల చేయాలి. కాయిల్ క్షేత్రం వాటిని గుండ్రంగా పరుగెత్తిస్తుంది. అవి ఆర్గాన్ పరమాణువులను గుద్ది మరిన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. రెప్పపాటులో జ్వాల నిలుస్తుంది. అయితే అంతకుముందే నిమిషానికి 12–15 లీటర్ల ఆర్గాన్‌తో గొట్టాల్లోని గాలిని పూర్తిగా తరిమేయాలి. నత్రజని మిగిలితే ఎలక్ట్రాన్ల శక్తిని అదే పీల్చేస్తుంది. వెలగనప్పుడు సర్క్యూట్‌ను అనుమానించే ముందు ఓ-రింగులు, గొట్టాల అతుకులు చూడడం ఈ పనిలో మొదటి పాఠం.

అసలు పరీక్ష వెలిగిన క్షణంలో వస్తుంది. అప్పటిదాకా ఒంటరిగా ఉన్న కాయిల్‌కు ప్లాస్మా ఒక్క చుట్టున్న సెకండరీలా మారుతుంది. లోడ్ ఒక్కసారిగా మారిపోయి శక్తి వెనక్కి తన్నుతుంది. క్రిస్టల్‌తో నడిచే జనరేటర్‌లో ఫ్రీక్వెన్సీ కదలదు కాబట్టి మోటార్లు కెపాసిటర్లను తిప్పి సరిచేయాలి. ఫ్రీ-రన్నింగ్ ఆసిలేటర్‌లోనైతే ఫ్రీక్వెన్సీయే కాస్త జరిగి సర్దుకుంటుంది. ఇనుము దట్టంగా కరిగిన ద్రావణం లోపలికి వెళ్లినప్పుడూ లోడ్ మారుతుంది. అలాంటి నమూనాలకు ఈ రెండో పద్ధతే నాకు నచ్చుతుంది, ఎందుకంటే కదిలే భాగాల కోసం ఆగనక్కర్లేదు.

ఈ జ్వాలకూ లొంగనిది ఒకటుంది. జనగామ ప్రాంతపు బోరునీళ్లను పీడించే ఫ్లోరైడ్ అది. ఆర్గాన్‌ను అయనీకరించడానికి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, ఫ్లోరిన్‌కు 17.42 కావాలి. అందుకే ఆ నీళ్ల సీసా ప్లాస్మా దగ్గరికి కాకుండా ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న బల్ల మీదికి వెళుతుంది.