జమ్మి పెట్టే చేతులు

మేడ్చల్ దగ్గర మా అత్వెల్లి వైపు మగవాళ్లకు ప్రేమ చూపించడం రాదంటే నేనొప్పుకోను. వస్తుంది. కాకపోతే ఏదో ఒక పని అడ్డం పెట్టుకోవాలి. "తిన్నవా?" అని అడుగుతారు. బండి తీస్తుంటే "పైలం బిడ్డా" అంటారు. దుబాయి నుంచి కొడుకు దిగితే, బాపు మొదట చేసే పని వాడి చేతిలో సూట్‌కేసు గుంజుకోవడం. ఒళ్లు తగిలేలా దగ్గరికి తీసుకోవడం మాత్రం ఉండదు, ఏడాదికి ఒక్క దసరా రోజు తప్ప.

ఇక్కడ పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు కానీ, మేడ్చల్ అపార్ట్‌మెంట్లలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం కొంచెం చెబుతాను. సాయంత్రం జమ్మి చెట్టుకు పూజ చేస్తారు. శ్లోకం రాసిన కాగితం మీద ఇంటిల్లిపాది పేర్లు రాసి కొమ్మకు కడతారు. తర్వాత ఆకు తెంపుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి, "బంగారం" అని కాళ్లు మొక్కుతారు. ఈడువాళ్లయితే ఆకు ఇచ్చిపుచ్చుకొని, ఛాతీకి ఛాతీ తగిలేలా అలాయ్ బలాయ్ తీసుకుంటారు. మటన్ కూర, సీసా ఆ తర్వాతే. కొందరికి ముందే అనుకోండి. 2025లో దసరా గాంధీ జయంతి నాడే పడి వైన్ షాపులకు తాళాలు పడితే, పండుగే పోయిందన్నట్టు బాధపడ్డవాళ్లున్నారు. జమ్మికి ఆ బాధ లేదు, దానికి లైసెన్సు అక్కర్లేదు.

ఇందులో నేర్చుకునేదేముంది అనిపిస్తుంది. నాకు మాత్రం ఇదొక పనితనంలాగే కనిపిస్తుంది. ముందు, ఎవరు ఎవరింటికి పోవాలన్నది చూడండి. చిన్నవాడే పెద్దవాడి గడప తొక్కాలి. మా చుట్టుపక్కల అన్నదమ్ముల మధ్య మాటలు పోయేది ఎక్కువగా గెట్టు దగ్గరే. ఒకప్పుడు ద్రాక్ష తోటలున్న నేల ఇది. నాగపూర్ హైవే పక్కన, అంటే ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, గోదాములు, వెంచర్లు లేచాయి. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి నుంచి విడదీసి మేడ్చల్‌ను జిల్లా చేశారు. ఆ రోజు కూడా దసరానే. గజాల లెక్కన అమ్ముడుపోయే చోట జానెడు గెట్టు కూడా కోర్టుకు పోతుంది. అట్లాంటి అన్నదమ్ముల్లో ముందు ఎవరు దిగిరావాలి? తప్పెవరిదో తేలేదాకా ఆగితే ఇద్దరి జీవితాలూ అయిపోతాయి. జమ్మి ఆ లెక్కలోకే పోదు. ఎవరు ముందు పుట్టారన్నదొక్కటే చూస్తుంది. తమ్ముడు పోయి ఆకు పెడితే అది ఓడిపోవడం కాదు, ఆచారం. ఆ వంక లేకపోతే ఆ తమ్ముడు ఆ వాకిట్లోకి ఏ మొఖం పెట్టుకొని పోతాడు? గెట్టు మాట ఆ పూట ఎవరూ ఎత్తరు. కేసు కేసే. కానీ మర్నాడు ఎదురుపడితే తల తిప్పుకోవడం కష్టమవుతుంది.

రెండోది ఆకు సంగతి. జమ్మి ఆకులు మరీ చిన్నవి, పట్టుకుంటే రాలిపోతాయి. అందుకే ఊరికే చేతిలో వేసి పోలేం. అరచేతిలో పెట్టి, కాసేపు వేళ్లతో ఒత్తాలి. పూలదండయితే మెడలో వేసి పక్కకు తప్పుకోవచ్చు. ఈ నాలుగాకులు మాత్రం చేతిని పట్టుకునే తీరాలంటాయి. కొమ్మలు విరుచుకొచ్చి స్కూటర్‌కు కట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక రెమ్మ వాడంతటికీ సరిపోతుంది.

పైగా చెట్లే లేవు. జమ్మి చేనులో ఉంటే పంటకు చేటు లేదని, వేరు లోతుకు పోతుందని, పాత రైతు దాన్ని కొట్టేవాడు కాదు. వెంచర్ చదును చేసే జేసీబీకి ఆ మొహమాటం లేదు. 2014లో జమ్మిని తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ప్రకటించారు. 2021లో ఊరికో జమ్మి, గుడికో జమ్మి అంటూ మొక్కలు నాటించారు కూడా. రాజస్థాన్‌లో ఇదే చెట్టును ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో రాజుగారి మనుషులు దాన్ని నరకడానికొస్తే, బిష్ణోయీ సమాజం వాళ్లు చెట్లను కౌగిలించుకొని 363 మంది ప్రాణాలిచ్చారు. మనం చెట్టు దగ్గరికి పోయి మనుషుల్ని కౌగిలించుకుంటాం, వాళ్లు చెట్టునే కౌగిలించుకున్నారు.

మనుషుల కౌగిలింత సంగతికే వస్తే, రాజకీయ నాయకుడు బండారు దత్తాత్రేయ 2005లో హైదరాబాదులో దసరా తర్వాత అలయ్ బలయ్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పార్టీలు వేరైనవాళ్లు అక్కడ కలిసి భోజనం చేస్తారు. మర్నాడు తిట్టుకుంటారు కదా అంటారు కొందరు. తిట్టుకోనీ, నాకు ఆక్షేపణ లేదు. రంజాన్ నాడు మసీదు బయట కనిపించే అలాయ్ బలాయ్ కూడా ఇట్లాంటిదే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని తవ్వడం నాకిష్టం లేదు.

వాట్సాప్‌లో వచ్చే జమ్మి బొమ్మలతో మాత్రం నాకు పేచీ ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు పంపితే సరే, దారి లేదు. అదే బ్లాకులో ఉన్నాయన కూడా బంగారు రంగు ఆకు బొమ్మ పంపి ఊరుకుంటే ఏమనాలి? లిఫ్టులో రెండంతస్తులు దిగడమే అందులో ఉన్న ప్రేమంతా. అది కాస్తా మానేసి మిగతాదంతా పంపాడు.

ఇక ఆచారంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. భార్య భర్త చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతుంది. భర్త ఆమె చేతిలో పెట్టడం నేను చూసింది తక్కువ. వాడంతా తిరిగి, మాట్లాడని దాయాదికి సైతం జమ్మి పెట్టి వచ్చిన పెద్దమనుషులు, ఇంట్లోకి రాగానే "కూర అయిందా?" అంటారు. పొద్దున్నుంచి వచ్చేపోయేవాళ్లకు వడ్డిస్తున్న మనిషి తిన్నదో లేదో అడగరు. అందరినీ "తిన్నవా" అని అడిగే ఊళ్లో ఆ ప్రశ్న పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. జేబులో ఇంకా నాలుగాకులు మిగిలే ఉంటాయి. ఆమె చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడానికి కుక్కర్ ఒక విజిల్ వేసేంతసేపు కూడా పట్టదు. పిల్లలు చూస్తే నవ్వుతారంటారా? నవ్వనివ్వండి.