బొగ్గుబాయి పలుకుబడి: సింగరేణి రచనలలో దైనందిన జీవితము

తెలంగాణపు పల్లెలో “బాయికి పోయిండు” అన్నచో సేద్యమునకు పోయెనని అర్థము. ఆ మాటయే బెల్లంపల్లిలో విన్నచో బొగ్గుగనిలో దిగెనని అర్థము. నీటిబావికిని గనికిని ఒకే పేరు నిలిచినది. ఇది స్వల్పవిషయముగా తోపవచ్చును గాని, సింగరేణి ప్రాంతమున వెలసిన కథలను, నవలలను పరిశీలించువారికి ఇంతకంటె మంచి ద్వారము లేదు. సేద్యగాడు కూలియై గనిలో దిగునప్పుడు తన మాటను వెంట గొనిపోయినాడు. భూస్వామికి చెల్లిన “దొర” శబ్దము గని అధికారికి చెల్లుటయు ఇట్టిదే. వృత్తి మారినది, పెత్తనపు పేరు మారలేదు.

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించుట, 1886లో ఇంగ్లండున హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వెలయుట, 1945లో నిజాం ప్రభుత్వము అధికభాగము వాటాలు కొనుట: ఈ క్రమము చరిత్రగ్రంథములలో సులభముగా లభించును. ఉత్తరమున, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, బెల్లంపల్లి గనిపట్టణముగా పెరుగుటయు ఈ చరిత్రలోని భాగమే. కాని మూడు షిఫ్టుల పట్టణములో ఇల్లు ఎట్లు నడచెను? రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు పగలు నిద్రించుచుండగా పిల్లలు ఎచట ఆడుకొనిరి? నాగా పడిన దినముల లోటును ఇల్లాలు ఎట్లు పూడ్చుకొనెను? తట్టాచెమ్మాసులతో టబ్బులు నింపినవానికి తోడివారు పెట్టిన ముద్దుపేరేమి? కంపెనీ దస్తరములు వీనికి బదులు చెప్పవు. సాహిత్యము చెప్పవలసియున్నది.

అల్లం రాజయ్య, పి. చంద్, తుమ్మేటి రఘోత్తమరెడ్డి గార్ల రచనలవలన గనికార్మికుడు తెలుగు కథలో స్థిరముగా నిలిచెను. వీరి కృషిని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. లోపము విమర్శకులది. సమ్మె, ప్రమాదము, ఉద్యమము అను కొలతలతోనే మనము ఈ రచనలను కొలిచితిమి. చంద్ గారి “శేషగిరి” నవల కార్మికనాయకుని పేరనే వెలసినది, అది సహజము. అయితే నాయకుని వెనుక నిలిచిన వేలమంది మాటతీరును పరిశీలించు పని మిగిలియే యున్నది. ఇక పత్రికలవారి “నల్లసూర్యులు” అను రూపకము మరింత కీడు చేసినది. సూర్యునకు దగ్గు లేదు, అప్పు లేదు, పొరుగువానితో తగవు లేదు.

ఎమిలీ జోలా 1885లో ప్రకటించిన “జెర్మినాల్” ఉత్తర ఫ్రాన్సు గనుల సమ్మెను చిత్రించిన నవల. దానిని సమ్మెకథగానే చదువువారు బోన్‌మోర్ అను ముసలివానిని మరవరాదు. మూడుమార్లు గనిలో చావు తప్పించుకొన్నందున తోడివారు అతనికి “మంచిచావు” అని పేరు పెట్టిరి. అతడు ఉమ్మిన నల్లని కళ్ళెయే అతని జీవితచరిత్ర. గని నుండి వచ్చినవారు వంటయింటి తొట్టిలో వంతులవారీగా ఒళ్ళు కడుగుకొనుట, ఇంట కాఫీకి కరవగుట జోలా విసుగు లేక వ్రాసెను. సమ్మె ఎందులకో పాఠకునకు అచ్చటనే తెలియును.

మన నగరమున గన్‌ఫౌండ్రీ కలదు. 1795లో ఫ్రెంచి సేనాని రేమండు నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానావలన వచ్చిన పేరు అది. రేమండును నగరవాసులు నేటికిని తలతురు. కొలిమికడ నిలిచి లోహము పోసినవారిని తలచువారు లేరు. (ఆబిడ్స్ నుండి నడచిపోవు మన విద్యార్థులలో ఎందరికి ఆ పేరునకు అర్థము తోచునో!) బెల్లంపల్లి పరిసరముల గనులు పెక్కు మూతపడినవి. దిగినవారు వృద్ధులైరి.

జానపదవాఙ్మయమనగా పల్లెపాటయే యను తలంపు మన శాఖలలో చాలకాలము సాగినది. గనిపట్టణపు ముద్దుపేర్లు, తిట్లు, షిఫ్టు లెక్కలు, పనిముట్ల పేర్లు అందు చేరలేదు. ఒక పరిశోధకుడు రెండు వేసవులు బెల్లంపల్లిలోను మందమర్రిలోను కూర్చుండి, విరమించిన కార్మికుల నోట వీనిని సేకరింపవచ్చును. వారి ఇల్లాండ్రను విడువరాదు. షిఫ్టు కాలమును వారికంటె నిక్కముగా ఎరిగినవారు లేరు. ఆ పట్టికలో మొదటి ఆరోపము “బాయి” కావలెను. దానికి ఎదురుగా రెండర్థములును వ్రాయవలెను.