కోడ్ కింద సంతకం

లైనక్స్ కెర్నెల్‌కి ఒక్క లైను పంపాలన్నా కింద 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరు, ఈమెయిల్ రాసి తీరాలి. ఇది నేను రాసిందే, లేదా ఇచ్చే హక్కు నాకుంది అని పూచీ పడటమన్నమాట. 2003లో ఎస్‌సీవో అనే కంపెనీ, మా యూనిక్స్ కోడ్ లైనక్స్‌లో కలిపేశారంటూ ఐబీఎం మీద కోర్టుకెక్కింది. ఏ లైను ఎవరి నుంచి వచ్చిందో చూపించాల్సిన అవసరం పడి, మరుసటి ఏడాది ఈ పద్ధతి పెట్టారు.

ఏఐ అసిస్టెంట్లతో చిక్కు ఈ పూచీ దగ్గరే. వాటి పనికి నేను వంక పెట్టను. మైగ్రేషన్ స్క్రిప్టులు, పాత జావా కోడ్‌కి కామెంట్లు లాంటి చాకిరీ రోజూ వాటితోనే చేయిస్తాను. కానీ 2021లో గిట్‌హబ్ కోపైలట్ కొత్తగా వచ్చినప్పుడు, క్వేక్ 3 ఆటలో విలోమ వర్గమూలం లెక్కకట్టే ఫంక్షన్‌ని పొల్లుపోకుండా దింపేసింది. ఎక్కణ్నుంచి వచ్చిందో అంతుపట్టని ఆ హెక్సాడెసిమల్ సంఖ్యతో సహా, అసలు కోడ్‌లోని బూతు కామెంటుతో సహా! ఆ కోడ్ 2005లో జీపీఎల్ అనే లైసెన్సు కింద విడుదలైంది. కోపైలట్ దానికి సంబంధంలేని వేరే లైసెన్సు అంటించింది. బూతు పుణ్యమా అని దొరికిపోయింది. మామూలు కోడ్ అయితే ఎవరు పోల్చుకుంటారు?

తర్వాత పబ్లిక్ కోడ్‌తో అచ్చంగా కలిసే సూచనల్ని ఆపే ఫిల్టర్ పెట్టారు. కాపీరైట్ కేసు పడితే తమ వ్యాపార కస్టమర్ల నష్టం తామే భరిస్తామని 2023లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఫిల్టర్లు ఆన్‌లో ఉంచుకుంటేనే సుమా. మన ఆఫీసుల్లో ఆ సెట్టింగు ఎలా ఉందో ఎందరు చూశారు?

లైసెన్సు సంగతి అలా ఉంచితే, అర్థం కాని కోడ్‌కీ పూచీ పడలేం. మా టీమ్‌లో ఒకమ్మాయి అసిస్టెంటుతో రాయించిన కోడ్ రివ్యూలో నేనడిగాను: "ఈ రీట్రై మూడుసార్లు ఎందుకమ్మా?"

"అదే ఇచ్చింది సార్."

అది పేమెంటు కోడ్. పాత రిక్వెస్టే మళ్లీ వచ్చిందని గేట్‌వే గుర్తుపట్టడానికి ఐడెంపొటెన్సీ కీ లేదు. మొదటిసారి డబ్బు కట్ అయి జవాబు మాత్రం రాకపోతే, రెండోసారీ కట్ అవుతుంది. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. వాటిని రాసిందీ అదే మరి.

చట్టం ఇంకా తికమక. కంప్యూటర్ సృష్టించిన రచనకు, ఆ సృష్టికి కారణమైన వ్యక్తే కర్త అంటుంది మన కాపీరైట్ చట్టం. 1994 సవరణలో చేరిన మాట అది, ప్రాంప్టులు ఊహలో కూడా లేని రోజుల్లో. మరి కారణమెవరు? ఎంటర్ నొక్కిన అమ్మాయా, లైసెన్సు కొన్న కంపెనీయా, మోడల్ తయారుచేసినవాళ్లా? అమెరికాలోనైతే, మెషీన్ ఒక్కటే కర్త అని చూపిన బొమ్మకు కాపీరైటే దక్కదని 2025లో అప్పీలు కోర్టు తేల్చింది. ఇక్కడ హైదరాబాద్ సర్వీసు కంపెనీలేమో, కోడ్ మా సొంతమే, హక్కులన్నీ మీకే అని అమెరికా క్లయింటుకి రాసిస్తాయి. లేని హక్కు ఎలా రాసిస్తారు?

మా లీగల్ వాళ్లనడిగితే, మనిషి ఎంత మార్చాడో రికార్డు ఉంచమన్నారు. అందుకని కమిట్ మెసేజ్‌లో ఏది అసిస్టెంటు రాసిందో, ఎవరేం మార్చారో రాస్తున్నాం. శుక్రవారం సాయంత్రం కమిట్లలో ఆ ముక్క ఉండదనుకోండి, అది వేరే సంగతి.