రాజు పేరు, మంత్రి మాట

పల్నాటి యుద్ధం మాటెత్తితే మా వైపు ఎవరైనా బ్రహ్మనాయుడంటారు, నాగమ్మంటారు, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడంటారు. గురజాలను ఏలిన నలగామరాజు, మాచర్లను ఏలిన మలిదేవరాజు ఆ తర్వాతెప్పుడో గుర్తొస్తారు. 12వ శతాబ్దంలో ఆ రెండు కొలువుల్లోనూ గద్దె రాజుది, మాట మంత్రిది: గురజాలలో నాగమ్మది, మాచర్లలో బ్రహ్మనాయుడిది.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో మొదలయ్యే ఉత్సవాల్లో ఆ మాట బలమేమిటో వినాలి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. ఆచారవంతులు ఊరూరి నుంచి వీరుల ఆయుధాలను, అంటే కొణతాలను, తెచ్చి నాగులేటిలో స్నానం చేయించి వీరుల గుడికి చేరుస్తారు. వీరవిద్యావంతులు కథ ఎత్తుకుంటారు. అందులోని కోడిపందెంలో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మది శివంగిడేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు దేశం విడిచిపోవాలి. పందెం కాసింది మంత్రులు, అడవులు పట్టింది మలిదేవుడూ మాచర్ల జనమూ.

జపాన్‌లో ఫుజివారా వంశం కూడా ఇలాగే చక్రవర్తి పేరు మీద రాజ్యం నడిపింది. వాళ్ల కిటుకు వియ్యం. 1016లో రాజప్రతినిధి అయిన మిచినగా తన నలుగురు కూతుళ్లను రాజకుటుంబానికే ఇచ్చాడు, ముగ్గురు మనవలు చక్రవర్తులయ్యారు. పసివాడు గద్దెనెక్కితే పాలన తాతది. తర్వాత ఆ వంశం ఐదు ఇళ్లుగా చీలినా పదవి మాత్రం దాదాపుగా ఆ గడపలు దాటలేదు.

బ్రహ్మనాయుడికీ మంత్రిత్వం వారసత్వమే. తండ్రి దొడ్డనాయుడు నలగామ, మలిదేవుల తండ్రి అనుగురాజుకు మంత్రి. నాగమ్మకు కొలువులో తండ్రి లేడు, వియ్యమూ లేదు. రాజు ఇచ్చిన మాటను పట్టుకుని లోపలికొచ్చి, బుద్ధిబలంతో నిలిచింది. అలాంటి మనిషి ఫుజివారాల కొలువులో గడప కూడా తొక్కగలిగేది కాదనుకుంటాను.

కథ పాడేవాళ్ల మనసు బ్రహ్మనాయుడి వైపే మొగ్గుతుంది. అందులో తప్పేం లేదు. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే పంక్తిన కూర్చోబెట్టినవాడు, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకున్నవాడు ఆయన. నాకూ ఆయనంటే భక్తే. కానీ రాజు పేరు మీద ఆయన చేస్తే రాజనీతి, నాగమ్మ చేస్తే కుటిలం ఎలా అవుతుంది? ఆమె తన రాజుకు ద్రోహం చేయలేదు, చివరిదాకా నలగాముడి పక్షానే నిలబడింది. కోడిపోరు రోజున ఎవరైనా వీరవిద్యావంతుడు ఆమె వాదన మొత్తం, ఒక్క ముక్క తగ్గించకుండా పాడితే, తెల్లారేదాకా కూర్చుని వింటాను.