ప్రతినాయకుని ప్రశ్న

కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో పదియవ తరగతి చదువుచున్న బాలుడొకడు మమ్మొక ప్రశ్న యడిగెను. వాడు ముందటి రాత్రి 'బ్లాక్ పాంథర్' అను అమెరికా చలనచిత్రమును జూచి వచ్చియుండెను. "మాస్టారూ, ఆ విలన్ చెప్పిందంతా న్యాయమే కదండీ! మరి వాణ్ణెందుకు చంపారు?" అని వాని సందేహము. తక్కిన పిల్లలు నవ్విరి. మేమును నవ్వి, తప్పు చేసినవానికి శిక్ష తప్పదని చెప్పి పాఠములోనికి బోయితిమి. ఆ సమాధానము చాలలేదని వాని ముఖమే చెప్పెను. ఇంటికి బోయి యాలోచింపగా అది మాకును చాలలేదు. ఈ వ్యాసము ఆ బాలునికి మేము బాకీపడిన యుత్తరము.

లోకము సూపర్‌హీరో కథలని పిలుచు నతిమానుష వీరుల కథలు పిల్లల కాలక్షేపములని పెద్దలు పలువురు తలంతురు. మేమును చాలకాల మట్లే తలచితిమి. కాని ధర్మాధర్మములను గూర్చి మన పిల్లలు వినుచున్న వాదములలో కొన్ని నేడు ఈ కథలనుండియే వచ్చుచున్నవి. కావున కావ్యములను పరీక్షించినట్లే వీనిని పరీక్షించుట మన విధి. అందు ముఖ్యముగా పరీక్షింపదగినవాడు నాయకుడు కాడు, ప్రతినాయకుడు. నాయకుడు మంచివాడని కథ మొదలుకాకమునుపే మన మెరుగుదుము. కథకుని నిజాయితీ బయటపడునది ప్రతినాయకుని విషయముననే.

ఈ వీరులలో ప్రఖ్యాతుడైన సూపర్‌మాన్ 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిరువురు యువకుల చేతులలో బుట్టెను. ఆ మొదటి కథలో వానికి సరిజోడైన శత్రువే లేడు. మరణశిక్ష పడిన నిరపరాధురాలిని వాడు రక్షించును. భార్యను గొట్టుచున్న భర్తకు బుద్ధి చెప్పును. శాసనసభ్యుని లోబరచుకొనజూచు స్వార్థపరుని భయపెట్టును. అనగా నచ్చట ప్రతినాయకుడు సంఘములోని యన్యాయమే. 1940లో లూథర్ అను దుష్టవిజ్ఞాని ప్రవేశించెను. పోరాటము పెద్దదయ్యెను గాని చదువరికి చిక్కు తగ్గెను. లోకమును చెరబట్టదలచినవాని నడ్డగింపవలెననుటలో ఎవరికి సందేహము కలుగును? భార్యను గొట్టువాని నడ్డగించు కథను చదివినపుడో, కొందరు తమ యింటివైపు చూచుకొనవలసివచ్చును.

ప్రతినాయకుని ఘనతను మన యాలంకారికు లెరుగనివారు కారు. శత్రువు వంశమును, పరాక్రమమును, విద్యను గూడ వర్ణించి, అట్టివానిని జయించుటచే నాయకుని యాధిక్యమును చెప్పుట మనోహరమని దండి కావ్యాదర్శమున జెప్పెను. అది సత్యమే, దుర్బలుని గెలిచినవాని నెవరును మెచ్చరు. కాని శత్రువునకు ఘనత యొక్కటియే చాలినచో, మాగ్నెటో యను ప్రతినాయకుడు తొలినాటినుండియే మరపురానివాడై యుండవలసినది. అట్లు కాలేదు.

స్టాన్ లీ, జాక్ కర్బీ యనువారు 1963లో 'ఎక్స్-మెన్' మొదటి సంచికలోనే మాగ్నెటోను ప్రవేశపెట్టిరి. పుట్టుకతోనే వింతశక్తులు గలిగి, ఆ కారణముచేతనే లోకుల ద్వేషమునకు గురియగు మ్యూటెంట్లను వారి కథ యిది. వారిలో ప్రొఫెసర్ జేవియర్ తక్కిన మనుష్యులతో కలిసి బ్రతుకవచ్చునని నమ్మి, బడి పెట్టి, పిల్లలకు శిక్షణ మిచ్చుచుండును. మాగ్నెటో మనుష్యులను లోబరచుకొని యేలవలెననువాడు. ఇనుము, ఉక్కు వాని యాజ్ఞకు కదలును. ఇంత బలమున్నను ఆ తొలి కథలలో వాడు బిగ్గరగా నరచు నియంత మాత్రమే. వాడు లోకము నేల యేలగోరుచున్నాడో మనకు తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు పుట్టదు.

పదునెనిమిదేండ్ల తరువాత, 1981లో వెలువడిన 150వ సంచికలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ ఈ లోపమును దీర్చెను. అందు మాగ్నెటో అణ్వాయుధములను విడిచి తనకు లోబడుడని రాజ్యములను శాసించును. తనపై నస్త్రములు ప్రయోగించిన సోవియట్ జలాంతర్గామిని సిబ్బందితో గూడ ముంచివేయును. పిమ్మట జరిగిన పోరులో కిట్టీ ప్రైడ్ అను బాలికను కొట్టి పడవేయును. ఆమెకు పదుమూడేండ్లు, యూదుల బిడ్డ. నేలబడిన యా చిన్న శరీరమును జూచి, పసిపిల్లను చంపితినని తలచి, వాడు నిలువున కూలిపోవును. బాల్యమున ఆష్‌విట్జ్ శిబిరమున తనవారిని పోగొట్టుకొన్న కథ వాని నోటనే అప్పుడు వెలువడును. కిట్టీ బ్రతుకును. మాగ్నెటో మాత్రము పోరు చాలించి వెడలిపోవును.

ఈ ఘట్టము మన మనస్సును పట్టుకొనుటకు దుఃఖమే కారణమని కొందరందురు. మే మంగీకరింపము. దీని తరువాత ఎందరో ప్రతినాయకులకు దుఃఖమయమైన బాల్యము కల్పింపబడినది. వారిలో అనేకులు మనకు గుర్తుండరు. దుఃఖము జాలి పుట్టించును, అంతమాత్రమే. మాగ్నెటో విషయమున దుఃఖమునుండి వాదము పుట్టినది. దానిని మా మాటలలో చెప్పినచో ఇట్లుండును: చట్టమును, ఇరుగుపొరుగును నమ్మిన మావారేమైరో నేను జూచితిని, మరల నమ్ముమనుటకు నీ యొద్ద ఆధారమేమి? ఇది కొట్టి నోరు మూయింపదగిన ప్రశ్న కాదు. జేవియర్ ప్రతిదినము బడి తలుపులు తెరచి, అట్టి పిల్లలను పెంచి, ఉత్తరము చూపవలసినదే. 1985లో కథకులు ఆ బడిని మాగ్నెటో చేతికే అప్పగించిరి. ఆ ప్రశ్నకు వారిచ్చిన గౌరవ మది.

ప్రశ్నకు దుఃఖముతో పని లేదనుటకు 2008లో క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ది డార్క్ నైట్' చిత్రములోని జోకర్ నిదర్శనము. తన మోముపై మచ్చలెట్లు పడెనో వాడు ఒకచోట నొకకథ, మరియొకచోట వేరొకకథ చెప్పును. జాలిని వేళాకోళము చేయుటయే వాని యుద్దేశము. కాని వాని ప్రశ్న స్పష్టము: ప్రాణభయము కలిగినపుడు మీ నీతి నిలుచునా? ఒక పడవలో ఖైదీలు, ఒక పడవలో పౌరులు. ఎదుటి పడవను పేల్చు మీట ప్రతి పడవలోను ఉండును. అర్ధరాత్రిలోగా ఒకరినొకరు పేల్చనిచో రెండును పేలునని వాడు చెప్పును. పౌరులు వోటు వేసికొందురు. పేల్చుటకే యెక్కువమంది సమ్మతింతురు. అయినను మీట త్రిప్పుటకు చేయి రాదు. రెండవ పడవలో ఒక ఖైదీ ఆ మీటను పుచ్చుకొని కిటికీనుండి నీటిలోనికి విసరివేయును. ఇచ్చట ప్రతినాయకునికి ఉత్తరమిచ్చినది నాయకుడు కాడు. లోకము తప్పు చేసినవాడని త్రోసివేసిన ఖైదీ.

ఇక మా విద్యార్థి చూచిన చిత్రము. 2018లో రయాన్ కూగ్లర్ తీసిన ఆ చిత్రమున వకాండా యను కల్పిత ఆఫ్రికా రాజ్యము అపారమైన సంపదను, విజ్ఞానమును దాచుకొని, బయటి లోకమున నల్లజాతివారు పడు బాధను చూడనట్లుండును. ఆ దేశపు రాజు తన తమ్మునినే అమెరికాలోని ఓక్‌లాండ్ నగరమున చంపి, వాని కుమారుని అచ్చటనే విడిచి వెడలిపోవును. ఆ బాలుడే పెరిగి కిల్‌మాంగర్ అయ్యెను. మీకింత కలిమి యుండగా మావారు బాధపడుచున్నపుడు మీరెచ్చట నుంటిరని వాని ప్రశ్న. దానిలో దోషము లేదు. వాని మార్గము మాత్రము ఆయుధములను పంచి, పీడితులను పీడకులనుగా చేయుట. తనతో కలిసి పనిచేసిన ప్రియురాలినే వాడు చంపును.

ఇచ్చటనే కథకునికి గొప్ప శోధన కలదు. న్యాయమైన ప్రశ్నను దుష్టుని నోట పెట్టి, పిమ్మట వానిచేత హత్య చేయించినచో, చదువరి ఆ ప్రశ్నను మరచి నిశ్చింతగా నిద్రపోవచ్చును. కిల్‌మాంగర్ కథలో ఈ దోషపు నీడ కొంత లేకపోలేదు. కాని కూగ్లర్ అచ్చట నాగలేదు. నాయకుడైన టిచాలా తన పూర్వుల యాత్మల యెదుట నిలిచి, మీరు తప్పు చేసితిరని మొగముమీద చెప్పును. కథాంతమున ఓక్‌లాండ్ నగరమున, తన పినతండ్రి చంపబడిన భవనమున్న చోటనే, పేదలకు సహాయకేంద్రము నెలకొల్పును. శత్రువును గెలిచిన పిమ్మట వాని ప్రశ్నను తన నెత్తిన బెట్టుకొనుటయే వాని నాయకత్వము.

ప్రతినాయకునికి న్యాయమైన మాటలిచ్చినచో పిల్లలు చెడిపోదురని కొందరు పెద్దల భయము. మా యనుభవమున దీనికి విరుద్ధముగానే తోచుచున్నది. చెడుగు కొమ్ములతో, కోరలతో వచ్చునని నేర్చిన బాలుడు, అది యుక్తులతో వచ్చినపుడు గుర్తింపజాలడు. ఆష్‌విట్జ్ నడిపినవారును తమకు కారణములున్నవనియే చెప్పిరి. అంతకన్న గొప్ప కీడు మరియొకటి కలదు. న్యాయమడుగువాడు కథలలో ఎల్లప్పుడు హంతకుడే యైనచో, న్యాయమడుగుటయే దుష్టలక్షణమని చదువరికి అలవాటగును. అన్నను కళాశాలకు పంపి నన్నేల మాన్పించితిరని యడిగిన కూతురు ఎన్ని యిండ్లలో గయ్యాళి యనిపించుకొనలేదు? ఆమెకు పేరు పెట్టుట సులభము, ఉత్తరమిచ్చుట కష్టము.

కావున ఆ బాలునికి మేము చెప్పవలసియుండిన మాట ఇది. నాయనా, వాని ప్రశ్న న్యాయమైనదే. నీవు సరిగానే విన్నావు. వాని నడ్డగింపవలసివచ్చినది ఆ ప్రశ్నకొరకు కాదు. తాను చిన్ననాడు పడిన బాధనే మరియొక బిడ్డకు పెట్టుటకు వాడు సిద్ధపడినందుకు. వాడు పడిపోయిన తరువాత నాయకుడేమి చేసెనో అదియు చూడుము. ఏమియు చేయక యింటికి బోయిన కథలో నీ సందేహము నిలిచియే యుండవలెను.

చదువరులకు మా మనవి యొక్కటియే. ఇట్టి చిత్రము చూచి పిల్లవాడు దుష్టుని పక్షమున మాటాడినపుడు, మావలె నవ్వి పాఠములోనికి బోకుడు. ఆ దుష్టుడేమడిగెనో వానిచేతనే చెప్పించి, తుదివరకు వినుడు.