మిల్టను ఒడంబడిక: గ్రంథస్వామ్య విమర్శనము

మిల్టను మహాకవి తన ‘పారడైజ్ లాస్టు’ కావ్యమును ఐదు పౌనులకు అమ్ముకొనెనని ఆంగ్ల సాహిత్యము నెఱిగిన పండితులు తఱచుగా జెప్పుచుందురు. కవుల పేదఱికమునకును, ప్రకాశకుల లోభమునకును దీనిని ఉదాహరించుట పరిపాటియైనది. కాని ఒడంబడిక పత్రమును ఆసాంతము చదివినచో ఈ మాటలో సగమే సత్యమనియు, కవివంశమునకు నష్టము గలిగించినది ఆ యైదు పౌనులు గావనియు తెలియగలదు.

ఈ పత్రము 1667వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన మిల్టనునకును, లండను నగరమున ముద్రాపకుడైన సామ్యూల్ సిమ్మన్సునకును నడుమ వ్రాయబడినది. ప్రస్తుతము బ్రిటిష్ లైబ్రరీయందున్నది. పత్రము వ్రాసిననాడు ఐదు పౌనులు; మొదటి కూర్పున 1300 ప్రతులు అమ్ముడుపోయిన పిమ్మట మఱియైదు; రెండవ, మూడవ కూర్పులకును అట్లే ఒక్కొక్కదానికి ఐదేసి. వెరసి 20 పౌనులు. ఏ కూర్పునందును 1500 ప్రతులకు మించి వేయరాదు. అమ్మకపు లెక్కను గూర్చి కవి కోరినప్పుడు సిమ్మన్సు చాన్సరీ న్యాయస్థానపు అధికారి యెదుట ప్రమాణము చేయవలెను. చేయనియెడల ప్రతులు అమ్ముడుపోయినట్లే యెంచి ఆ కూర్పునకు రావలసిన సొమ్ము చెల్లింపవలెను.

ఈ కడపటి షరతు మిక్కిలి శ్లాఘనీయము. ప్రతుల సంఖ్యకు హద్దు లేనిచో కూర్పు అను మాటకే యర్థము లేదు. లెక్క చెప్పవలయునను నిర్బంధము లేనిచో హద్దున్నను వ్యర్థము. ఆ రెండింటిని జేర్చి, లెక్క దాచినవానికే నష్టము తగులునట్లు వ్రాయుట సామాన్యమైన బుద్ధి కాదు. చూపు కోల్పోయిన కవి అమ్మకపు లెక్కలను తాను చూడజాలకున్నను తన సొమ్మును కాపాడుకొను నుపాయమిది. 1669 ఏప్రిల్ మాసమున రెండవ యైదు పౌనులు ఆయనకు ముట్టినవి.

మఱి దోషమెక్కడ? స్వామ్యమును బదలాయించిన భాగమున. సొమ్మునకు మూడు కూర్పుల మేర గలదు. హక్కునకు మేర లేదు. నాల్గవ కూర్పు మొదలు కవికి గాని, ఆయన వారసులకు గాని దమ్మిడీ రాదు. 1674లో రెండవ కూర్పు వెలువడినది. ఆ యేటనే కవి గతించెను. మూడవది 1678లో వచ్చినది. ప్రతులు నియమిత సంఖ్యలో అమ్ముడుపోయినచో ఆ రెండింటికి రాదగినది 10 పౌనులు. ఆయన భార్య ఎలిజబెత్తు 1680 డిసెంబరులో 8 పౌనులు పుచ్చుకొని, పిమ్మట సమస్తమును విడిచి వ్రాసియిచ్చెను. సిమ్మన్సు ఆ హక్కును ఐల్మరను వర్తకునకు 25 పౌనులకు అమ్మెను. 1683లో జేకబ్ టాన్సను దానిలో సగము కొనెను. 1688లో ఆయన పటములతో వెలువరించిన పెద్ద ప్రతితో కావ్యమునకు కలిగిన ప్రఖ్యాతియు, దానివలని లాభమును తరతరములుగా టాన్సనుల యింటికే చేరినవి. 1710 నాటి శాసనము పూర్వగ్రంథములకు 21 ఏండ్లే యిచ్చినను, లండను ప్రకాశకులు తమది శాశ్వతస్వామ్యమని వాదించుచునే యుండిరి. 1774లో గాని ప్రభువుల సభ ఆ వాదమును త్రోసివేయలేదు.

ఈ మధ్యకాలమున కవి దౌహిత్రి యొకతె చిల్లర దుకాణముతో దినములు గడపుచుండెను. ఆమె సహాయార్థము 1750 ఏప్రిల్ 5వ తేదీన డ్రూరీలేన్ నాటకశాలయందు మిల్టను ‘కోమస్’ ప్రదర్శింపబడినది. జాన్సను పండితుడు దానికి ప్రస్తావనపద్యములు వ్రాసెను. వచ్చినది సుమారు 130 పౌనులు; అందు టాన్సను వంశీయుడిచ్చినవి 20. ఒడంబడికలో కావ్యమునకు నిర్ణయమైన మొత్తమును అంతయే! ఆ దాతను నిందింపబనిలేదు. జాన్సను ఆయనను కొనియాడెను. హక్కుగా రావలసినది దానముగా వచ్చెననుటయే విచారకరము.

తెలుగునాట కావ్యమును కన్యకగా భావించి కృతిభర్తకిచ్చుట పూర్వాచారము. ఇచ్చిన కన్యను మరల తెచ్చుకొనుట లేదు గనుక ప్రకాశకునకిచ్చిన గ్రంథమును అట్టిదే యను భ్రమ కొందఱు పండితులలో నేర్పడినది. కృతిభర్త సంభావన నిచ్చెనే గాని ప్రతులను అమ్ముకొనలేదు. వాచకములును, టీకాతాత్పర్యములును వ్రాయువారు ‘సర్వహక్కులు’ అను మాట క్రింద సంతకము చేయుటకు ముందు ఈ భేదమును గుర్తింపవలసియున్నది. 1957 నాటి భారతీయ చట్టము, 1994 సవరణముతో, కొంత రక్ష కల్పించినది: పత్రమున కాలము చెప్పనిచో ఐదేండ్లు; ప్రదేశము చెప్పనిచో భారతదేశము మాత్రమే; వేఱుగా వ్రాసికొననిచో, పుచ్చుకొన్న హక్కును ఏడాదిలోపల వినియోగింపనివానికి అది తొలగును. ఈ రక్షలన్నియు పత్రము మౌనము వహించినచోటనే పనిచేయును. ‘స్వామ్యము నిలిచియున్నంతకాలము’ అని వ్రాసియిచ్చినవానిని ఐదేండ్ల నియమము కాపాడదు. ఆ కాలము కర్త మరణానంతరము 60 ఏండ్లు సాగును.

ప్రాచీన కావ్యములను పరిష్కరించువారికి చిక్కు మఱియొకటి. మూలమునకు స్వామ్యము లేకున్నను పరిష్కర్త వ్రాసిన పీఠికకును, వ్యాఖ్యకును కలదు. పత్రమున అవి వేఱుగా పేర్కొనబడనిచో, పుస్తకముతోపాటే అవియు తనకు వచ్చినవని ప్రకాశకుడు వాదించుటకు ఎడముండును.