పదమూడో షరతు

ఈ వారం నా మనసులో తిరుగుతున్నది ఒక అద్దె అగ్రిమెంటు. మా మేనకోడలు ఉప్పల్ దగ్గర నూటయాభై గజాల ఇంటిమీద బ్యాంకు అప్పు తెచ్చి పైన ఒక అంతస్తు వేసింది. వాళ్లు పైకి మారి, కింది పోర్షన్ అద్దెకివ్వబోతున్నారు. ఇల్లు అద్దెకివ్వడం ఆ ఇంట్లో ఇదే మొదలు. "మామయ్యా, ఒకసారి చూసి చెప్పు" అంటూ నోటరీ పక్కనుండే డీటీపీ షాపులో కొట్టించిన నాలుగు పేజీలు వాట్సాప్‌లో పంపింది.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా పట్టుదల తెలుసు. నోటిమాట మీద ఇల్లు ఇవ్వద్దు, తీసుకోవద్దు. మోటారు స్విచ్చి ఎవరు వెయ్యాలనే తగువుతో రెండు కుటుంబాలు మాటలు మానేసిన సంగతి ఇక్కడే రాశాను. కాబట్టి ఆ నాలుగు పేజీలు చూడగానే సంతోషమేసింది. గడువు పదకొండు నెలలు పెట్టుకుంది. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలన్న లెక్కతో మన అద్దె కాగితాలన్నీ పదకొండు నెలల దగ్గరే ఆగుతాయి. అద్దె ఐదో తారీఖులోపు కట్టాలి. ఖాళీ చెయ్యాలంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి. అడ్వాన్సు రెండు నెలలు. 2021లో కేంద్రం ఖరారు చేసిన నమూనా అద్దె చట్టం కూడా ఇళ్లకు రెండు నెలలకు మించి అడ్వాన్సు వద్దనే చెబుతుంది.

కాగితం సరే, ఇల్లు చూద్దామని వెళ్లాను. ముందు కరెంటు సంగతి. మొత్తం ఇంటికి మీటరు ఒక్కటే. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కింత అని తీసుకుంటానంది. వద్దన్నాను. రెండు సంసారాల వాడకం ఒకే మీటరులో పడితే బిల్లు పై శ్లాబుకు పోతుంది, ఆ పెరిగిన డబ్బు ఎవరు కట్టాలన్నది నెలనెలా పంచాయితీయే. పైగా తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. అద్దెకున్నవాళ్లకూ అది వస్తుంది. కలిపిన మీటరు 200 దాటితే కింది కుటుంబానికి రావలసింది మన మీటరు వల్ల పోతుంది. ఖర్చయినా సరే, కింది పోర్షన్‌కు వేరే సర్వీసు పెట్టించమన్నాను.

తర్వాత సీలింగు. కింద బెడ్రూంలో, సరిగ్గా పై బాత్రూం వచ్చే మూలన, పళ్లెమంత పసుపు మరక. అంచుల్లో పెయింటు పొలుసులుగా లేచింది, గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. పైకి వెళ్లి చూస్తే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలేసి ఉంది, గోడ వారగా రెండు వరుసల టైల్స్ మధ్య పాయింటింగ్ పోయింది. నీళ్లు పోసిన ప్రతిసారీ కొన్ని స్లాబులోకి దిగుతున్నాయన్నమాట. "పెయింటరు వస్తున్నాడు మామయ్యా, కనబడకుండా వేసేస్తాడు" అంది. మరక పోతుంది, తడి పోదు. నెల తిరక్కముందే మళ్లీ పైకి తేలుతుంది. అప్పటికి ఆ గదిలో ఇంకొకరి పరుపు ఉంటుంది, పిల్లల బట్టల బీరువా ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉన్న ఒక మాట ఇంటి యజమానులు చాలామందికి తెలియదు. యజమాని చేయించాల్సిన మరమ్మతు, చెప్పినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు తామే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. ట్రాప్ ఊడదీసి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒకరోజంతా నీళ్లు నిలబెట్టి చూశాకే పెయింటరును పిలవమన్నాను.

ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఆ సెక్షనే మామూలు వాడకంలో జరిగే అరుగుదలను అద్దెదారు నెత్తిన వెయ్యవద్దంటుంది. గోడ రంగు వెలవడం అరుగుదలే. ఇక పాన్ నంబరు. ఏడాది అద్దె లక్ష దాటితే, ఇంటి అద్దె అలవెన్సు మినహాయింపు కోసం అద్దెదారు తన ఆఫీసులో యజమాని పాన్ చూపాలి. అడిగితే మొహం మాడ్చుకునే యజమానులే ఎక్కువ. అద్దె ఆదాయంలో మునిసిపల్ పన్ను పోను మిగిలినదానిపై 30 శాతం, రిపేరు బిల్లులేవీ అడక్కుండానే, ఆదాయపు పన్ను చట్టం తీసేస్తుంది. బ్యాంకు వడ్డీ వేరే. దాచుకోవలసిన అవసరమేముంది? రసీదు ఇవ్వు, పాన్ ఇవ్వు అన్నాను. సరేనంది.

అప్పుడు మూడో పేజీకి వచ్చాను. పదమూడో షరతు: "ఇంట్లో మరణం సంభవించిన యెడల మృతదేహమును ఇంటిలోనికి తెచ్చుట గాని, కర్మకాండలు జరుపుట గాని చేయరాదు." ఎవరు రాయమన్నారని అడిగితే, షాపువాళ్ల దగ్గర ముందే ఉన్న ఫార్మాట్‌లో అది కూడా ఉందని చెప్పింది. పక్కింటావిడ చూసి, అది మాత్రం తీయించకమ్మా అందట.

నేను హన్మకొండలో అద్దెకున్న రోజులు. 1990ల్లో సంగతి. పక్క పోర్షన్‌లో ఒక టైలరు ఉండేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఆ పెద్దావిడ పొద్దుటే గడప పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని కొడుకు కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టేది. చూపు ఆనకపోయినా దారం ఎక్కించడానికి ఎవర్నీ పిలిచేది కాదు. ఒక రాత్రి ఆయాసం వచ్చింది, ఆస్పత్రిలో చేర్చారు, తెల్లవారుజామున పోయింది. అంబులెన్సు వీధిలోకి వచ్చేసరికి ఇంటాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఊరికి తీసుకుపో నాయనా, ఇక్కడ వద్దు" అన్నాడు. ఊళ్లో వాళ్లకు ఇల్లు లేదు, ఎప్పుడో అమ్ముకుని వచ్చేశారు. టైలరు ఆయన చేతులు పట్టుకున్నాడు. వీధిలో నలుగురం కలిసి అడిగాం. ఆయన ఒప్పుకోలేదు.

మురికి కాలువ పక్కన టెంటు వేయించారు. ఆమెను అక్కడే పడుకోబెట్టారు. సన్నగా వాన. స్నానం చేయించడానికి ఆడవాళ్లు చుట్టూ చీరలు పట్టుకుని నిలబడ్డారు. స్కూటర్లు పక్కనుంచే పోతున్నాయి. చూడవచ్చినవాళ్లకు కూర్చునే చోటు లేక నిలబడే ఏడ్చారు. అక్కడినుంచే శ్మశానానికి తీసుకుపోయారు. పెద్దకర్మ దాకా ఆ కుటుంబం ఒక బంధువు ఇంట్లో తలదాచుకుంది. నెల తిరిగేలోగా పోర్షన్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ ఇంటికి ఆమె ఆరేళ్లు ముగ్గు పెట్టింది.

ఇంటాయన చెడ్డవాడు కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పది రోజులు జావ పంపించిన మనిషి. ఆయన భయం నాకు తెలుసు. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఇల్లు పాడుపెట్టాలని మనవాళ్ల నమ్మకం. నక్షత్రాన్నిబట్టి మూడు నెలలో, ఆరు నెలలో తాళం వెయ్యాలంటారు. ఆయనకు పెన్షన్ లేదు, ఆ రెండు పోర్షన్ల అద్దె మీదే బతుకు. ఆరు నెలలు తాళం పడితే బియ్యం ఎక్కణ్ణించి వస్తాయి? ఆ భయం ఇవాళ్టికీ పోలేదు. అద్దె ఇళ్లవాళ్లు శవాన్ని ఎక్కడ ఉంచాలో తెలియక అల్లాడుతుంటే తెలంగాణలో కొన్ని పట్టణాల్లో శ్మశానాల దగ్గర వాళ్లకోసం గదులు కట్టారు. కట్టినవాళ్లకు దండం పెట్టాలి. కానీ అవి అవసరమయ్యాయంటే తప్పు మన గేట్ల దగ్గర ఉంది.

అన్నీ కాగితం మీద పెట్టమని ఇన్నేళ్లుగా రాస్తున్న నేను, ఆ అగ్రిమెంటులో సగం కొట్టేయమన్నాను. చుట్టాలు రెండు రోజులకు మించి ఉండరాదు, రాత్రి పది దాటితే గేటు తీయబడదు, నీచు వండరాదు, గోడకు మేకు కొట్టరాదు. వీటిలో ఒక్కటీ అద్దె వసూలుకు పనికిరాదు, ఇంటిని కాపాడదు. నెలనెలా అద్దె కట్టే మనిషిని రోజూ అనుమతి అడుగుతూ బతకమంటాయి, అంతే. అద్దె కడుతున్నంతకాలం యజమాని అడ్డులేకుండా ఇల్లు అనుభవించే హక్కు 1882 చట్టమే ఇచ్చింది. ఇంట్లో మనిషి పోయిన రోజు తప్ప అని అందులో లేదు. కాగితం ఇల్లున్నవాడికే రక్షణ అనుకుని ఇంతకాలం వాదించాను. ఇల్లున్నవాడికి ఇల్లే ఉంది. రాసి పెట్టాల్సింది అవతలివాళ్లకోసం.

"మామయ్యా, నిజంగా అలా జరిగి, తర్వాత ఎవరూ రాకపోతే ఈఎంఐ ఎవరు కడతారు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అద్దెను ఏడాదికి పన్నెండు నెలలు లెక్కెయ్యకు, పదకొండే అనుకో అన్నాను. పన్నెండో నెల డబ్బు వేరే ఖాతాలో పడాలి. కింద ఖాళీగా ఉన్నా, మోటారు కాలినా, ట్రాప్ మళ్లీ కారినా అందులోంచే. ఈఎంఐకి ఆ పదకొండు నెలల అద్దె చాలకపోతే ఇప్పుడే కాలపరిమితి పెంచమని బ్యాంకును అడగాలి తప్ప, ఆ లోటును ఇంకొకరి చావు మీద పెట్టకూడదు. నమ్మకం మాటకొస్తే, కావాలంటే ఆ తర్వాత పుణ్యాహవచనం చేయించుకోవచ్చు. దానికి ఒక పూట చాలు.

పదమూడో షరతు తీసేస్తే సరిపోతుంది కదా అంది. సరిపోదన్నాను. తీసేస్తే ఆ రోజు గేటు దగ్గర ఎవరు నిలబడితే వాళ్ల మాటే చెల్లుతుంది. పక్కింటావిడ నిలబడవచ్చు, అత్తగారు నిలబడవచ్చు. అందుకని మేమిద్దరం కూర్చుని తిరగరాశాం: "అద్దెదారు కుటుంబంలో ఎవరైనా కాలం చేస్తే, దేహాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి, పన్నెండు రోజుల కర్మలు ఇక్కడే జరుపుకోవడానికి యజమాని అభ్యంతరం పెట్టరు. ఆ రోజుల్లో ఇంటి ముందు టెంటుకూ, మేడమీద వంటకూ, నీళ్లకూ అనుమతి ఉంటుంది."

షాపతను టైపు చెయ్యడానికి వెనకాడాడట. ఇలాంటిది తానెప్పుడూ కొట్టలేదన్నాడట. మా మేనకోడలు పక్కనే నిలబడి ఒక్కో అక్షరం చెప్పి కొట్టించింది. ఆదివారం సంతకాలు. ఆలోగా ప్లంబరు రావాలి.